బలానికి ఒక క్షణం

మా పెద్దసారు జమ్మలమడుగులో పోయారని కార్డు వచ్చింది. రెండుసార్లు చదివాను. ఏదీ ఒక్కసారికి నమ్మకపోవడం ఆయన నాకు అంటించిన జబ్బే.

రాష్ట్రం పేరు ఆంధ్రప్రదేశ్‌గా మారిన కొత్తల్లో ప్రొద్దుటూరులో ఒక కాలేజీలో ఫిజిక్సు లెక్చరరుగా చేరాను. ఏడాది గడిస్తేగానీ ఉద్యోగం ఖాయం కాదు. రెండో వారమే పెద్దసారు చిన్న నోటుబుక్కుతో వచ్చి నా క్లాసులో చివరి బెంచీ మీద కూర్చున్నారు. ఆయన ప్రిన్సిపాలు కాదు, చరిత్ర చెప్పే మనిషి; వయసును బట్టి అందరూ పెద్దసారు అనేవారు. నా ఫిజిక్సుతో ఆయనకేం పని? పైగా నేను బోర్డు వైపు తిరిగినప్పుడల్లా ఏదో రాసుకునేవారు.

అటెండరు చెవిలో వేశాడు: "జాగ్రత్త సార్. ఆయప్ప యాడ కూర్చుంటే ఆడ ఏదో ఒగటి జరుగుతాది. పోయినేడు ఒక సారు మూట గట్టుకోని పాయ."

ఇక నాకు అన్నం సహించలేదు. పెద్దసారు పలకరిస్తే ఆరా తీస్తున్నారనుకున్నాను. క్లాసు అయ్యాక పిల్లల్ని వరండాలో ఆపి, "ఆ సారు ఈపొద్దు ఏం చెప్పినాడ్రా? మీ మాటల్లో చెప్పండి" అని అడగడం కంటపడింది. నా మీద సాక్ష్యం పోగుచేస్తున్నారని తేల్చేసుకున్నాను. గొంతు పెంచి, ఇంగ్లీషు ఇంకా దంచాను. అర్థమైందా అంటే క్లాసంతా "అర్థమైంది సార్" అనేది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను: "ప్రిన్సిపాలుకు నా గురించి ఏం రాసిస్తున్నారు?" గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని. ఆయన కోప్పడలేదు. నోటుబుక్కు నా చేతిలో పెట్టారు.

అందులో నా ఊసే లేదు. అంతా పిల్లలే, ఊరి పేర్లతో. "పులివెందులోడు: తలూపినాడు, పెన్ను కదల్లేదు." "సింహాద్రిపురమోడు: పక్కోని పుస్తకం చూసినాడు." నిజంగా అర్థమైందని తేలిన వాడి పక్కన ఎర్రపెన్సిలు గీత. గీతలు చాలా తక్కువ. అడుగున ఒక మాట: "మూమెంట్ అంటే క్షణం అనుకుంటాండారు."

బలం ఒక వస్తువును తిప్పే గుణాన్ని ఇంగ్లీషులో మూమెంట్ అంటారు. మూడు వారాలుగా నేను చెబుతున్నది అదే. అంతవరకు తెలుగులో చదివి వచ్చిన ఆ పిల్లలు మాత్రం బలానికి ఒక క్షణం ఉంటుందనీ, అది దాటితే బలం పోతుందనీ రాసుకున్నారు. యూనివర్సిటీ పరీక్షలోనూ అదే రాసి ఉంటే తప్పేవాళ్లే. సిగ్గుతో నోటుబుక్కు మూసి తిరిగిచ్చాను.

"ముందే చెప్పొచ్చు గదా సార్?" అన్నాను.

"చెప్తే నమ్ముతావా అప్పా? నన్ను సీఐడీ అనుకుంటాండావు గదా. అర్థం కాలేదనేటోన్ని నమ్ము. అర్థమైందనేటోన్ని అనుమానించు. రేపు వాళ్లతో ఆ తలుపు తోయించు, మడతబందు దగ్గరోసారి, అంచు దగ్గరోసారి."

"అర్థమైంది సార్" అన్నాను.

తలుపు తోయించాను; మడతబందు దగ్గర కష్టం, అంచు దగ్గర తేలిక, అదే మూమెంట్ అని పిల్లలకు తెలిసింది. పిల్లలు గట్టెక్కారు, నా ఉద్యోగమూ ఖాయమైంది. అయినా ఆయన రిటైరయ్యేదాకా నా చివరి బెంచీకి వస్తూనే ఉన్నారు. ఇంకా ఎవరిని కనిపెడుతున్నారో నాకు అంతుబట్టలేదు. అడగడానికి మొహం చెల్లలేదు.

మొన్న పరామర్శకు వెళితే ఆయన భార్య ఆ నోటుబుక్కులు ముందు పెట్టారు. తలుపు సంగతి చెప్పిన నాటి పేజీ వెతికాను. పిల్లల పేర్ల పక్కన తర్వాత గీసిన ఎర్రగీతలు వరసగా ఉన్నాయి. అన్నిటికంటే కింద ఆయన అక్షరాలే: "ఫిజిక్సు సారు: అర్థమైందన్నాడు. చూడాల."

కన్నీళ్లు ఆగలేదు. దాని పక్కన ఎర్రగీతకు వదిలిన చోటు ఖాళీగానే ఉంది.