నలభై మూడో కార్డు మీద రెండో రంధ్రం

మా షూటింగ్ క్లబ్బుకు ఈ పదేళ్లలో నేను రాసిన ఉత్తరాల్లో ఒక్కదానికీ జవాబు రాలేదు. రైఫిళ్లలోకి గాలి నింపే కంప్రెసర్ పాడైందని రాశాను. ఐదో లైను పైన ట్యూబులైటు మిణుకుమంటోందని మూడుసార్లు రాశాను. నేను బండి పెట్టుకునే చోటు కమిటీ సభ్యుడి బావమరిదికి ఇచ్చేశారని రాశాను. ఎవరూ పలకలేదు. పోయిన నెల ఇంకొకటి రాశాను. అది ఫిర్యాదు కాదు. నేను చేసిన తప్పు నేనే ఒప్పుకుంటూ రాసిన ఉత్తరం. దానికీ పలకలేదు.

అందుకని మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. కనీసం ఇక్కడిదాకా చదివారు, నాకు అది చాలు.

మా రైఫిలు ఐదు కిలోల బరువుంటుంది. గంటకు పైగా దాన్ని ఎత్తుతూ దించుతూ ఉంటే ఆ బరువు ఎడమ మోచేతి మీద ఎక్కడ ఆనుతోందో కచ్చితంగా తెలుస్తుంది. ఎనిమిదేళ్లుగా నేను మోస్తున్న బరువు అలాంటిది కాదు. ఎక్కడ ఆనుతోందో తెలియదు. ఆఫీసులో ఉండగా, హఫీజ్‌పేట్ స్టేషన్లో రైలు కోసం నిలబడి ఉండగా, ఏ సంబంధమూ లేకుండా గుర్తొస్తుంది. నేనేనా ఆ పని చేసింది? నేనే.

నేను మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ పని చేస్తాను. ఎదుటివాళ్ల పనిలో తప్పులు వెతికి రాయడం నా ఉద్యోగం. మాది కాకినాడ వైపు. నడుం నొప్పికి డాక్టరు ఏదైనా ఆట మొదలుపెట్టమంటే, పరిగెత్తనక్కర్లేని ఆట కదా అని షూటింగ్ ఎంచుకున్నాను. పది మీటర్ల దూరంలో అరచేయంత కాగితం కార్డు, దాని నడుమ నల్లటి చుక్క. మినప్పప్పంత సీసపు గుండు దాని మధ్యకు వెళ్లాలి. ఒక్కో కార్డు మీద ఒక్కటే గుండు కొట్టాలి. పోటీలో అరవై కార్డులు. మీట నొక్కితే మోటారు కార్డును తాడు మీద వెనక్కి తెస్తుంది, తీసి కొత్తది తగిలించి పంపుతాం.

ఈ ఆటలో అడుగుపెట్టినవాడు వస్తువులు కొనకుండా ఉండలేడు. నేనూ కొన్నాను. కార్డును దగ్గరగా చూపే దుర్బిణి, చేతి తొడుగు, చదునైన అడుగున్న బూట్లు, గుండ్లు లెక్కపెట్టి పెట్టుకునే గుంటల ట్రే. చివరికి విదేశం నుంచి ఒక కోటు తెప్పించాను. వెన్ను కదలకుండా పట్టి ఉంచే కోటు అది, తోలూ కాన్వాసూ కలిపి కుడతారు, అట్టలా బిరుసుగా ఉంటుంది. దాన్ని మొదటిసారి వేసుకుని వెళ్లిన ఆదివారం మల్లేశ్ అన్న మాట ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పగలను.

"సార్, గీ కోటు ఒక్కటే నిలబడేటట్టున్నది. దాన్ని ఈడ నిలబెట్టి మీరు పోయి చాయ్ తాగి రార్రి."

లైనంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వెళ్లాక నవ్విన వాళ్ల పేర్లు ఒక్కొక్కటే గుర్తుచేసుకున్నాను.

మల్లేశ్ ఎవరో చెప్పాలి. ఖాజాగూడ ఊళ్లోనే పుట్టి పెరిగిన మనిషి. అప్పటికి నలభై దాటి ఉంటాయి. ఆఫీసు భవనాల్లో లిఫ్టులు బాగుచేసే మెకానిక్. సొంత రైఫిలు లేదు, క్లబ్బు రైఫిలుతో కొట్టేవాడు. ఉన్ని స్వెట్టరే ఆయన కోటు. గుండ్లు కూడా క్లబ్బు డబ్బాలోంచే ఒక్కొక్కటి తీసుకునేవాడు. మా అందరికన్నా బాగా కొట్టేవాడు. ఊపిరి ఎక్కడ ఆపాలో నాకు నేర్పింది ఆయనే. "లిఫ్టు ఫ్లోరుకాడ ఆగే ముందు జర మెత్తగైతది సూడుర్రి సార్. ఊపిరి గట్ల ఆపాలె, బ్రేకు కొట్టినట్టు కాదు" అన్నాడు. ఈ మాట కూడా నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. కానీ ఇన్నేళ్లుగా తలచుకున్నది కోటు మాటనే. మనిషి బుర్ర ఏది దాచుకోవాలో ఎలా నిర్ణయించుకుంటుంది? నా బుర్ర ఎందుకు ఇలా నిర్ణయించుకుంది?

ఆ ఏడాది రాష్ట్ర పోటీలకు క్లబ్బు నుంచి ముగ్గుర్ని పంపాలి. ఆ ముగ్గురికీ రెండు నెలలపాటు క్లబ్బులోని మంచి రైఫిళ్లు సొంతానికన్నట్టు ఇస్తారు. నాకు రైఫిలు ఉంది, దానితో పని లేదు. మల్లేశ్‌కే ఆ అవసరం ఉంది. ఎంపిక పోటీలో ఆయన నాలుగో లైను, నేను ఐదు.

నలభై రెండు గుండ్లు అయ్యాయి. నా పక్కన మల్లేశ్ నలభై మూడో కార్డు పంపి, రైఫిలు స్టాండు మీద పెట్టి, కుర్చీలో కూర్చుని నీళ్లు తాగుతున్నాడు. నేను రైఫిలెత్తి గురి చూసి కొట్టాను. చాలా బాగా కొట్టానని వేలికి తెలిసింది. దించి దుర్బిణిలో చూస్తే నా కార్డు మీద రంధ్రం లేదు. అలసటలో నిలబడ్డ చోటు నుంచి కాస్త జరిగిపోయాను. దుర్బిణి పక్కకు తిప్పాను. మల్లేశ్ కార్డు మీద, సరిగ్గా నడుమ, రంధ్రం ఉంది.

దీన్ని మేం క్రాస్ అంటాం. ఎంత అనుభవం ఉన్నవాడికైనా ఎప్పుడో ఒకప్పుడు జరుగుతుంది. సిగ్గుపడాల్సిన విషయం కూడా కాదు. చెయ్యెత్తి "క్రాస్, నాదే" అనాలి. ఆ గుండుకు మనకు సున్నా వేస్తారు, పక్కవాడికి కొత్త కార్డు ఇస్తారు. అంతే.

నేను చెయ్యెత్తలేదు. షూటింగ్ జరిగే రేంజిని చూసుకునే పెద్దాయన అప్పుడు మొదటి లైను దగ్గర ఉన్నాడు. నేను ట్రే పక్కనున్న డబ్బాలోంచి ఇంకో గుండు తీసి, నింపి, నా కార్డు మీద కొట్టాను. పదికి తొమ్మిది పాయింట్లు వచ్చాయి.

తరువాత మల్లేశ్ లేచాడు. గురి చూశాడు, కొట్టాడు. నల్లటి చుక్కలో పడిన రంధ్రం మామూలు కంటికి ఆనదు కాబట్టి ముందే ఒకటి ఉందని ఆయనకు తెలియదు. మీట నొక్కి కార్డు తెప్పించుకున్నాడు. కాసేపు దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. ఎవరూ అడగకముందే తనే చెయ్యెత్తాడు.

ఆ పెద్దాయన సైన్యంలో పనిచేసి రిటైరైన మనిషి. అందరం సుబేదార్ సాబ్ అనేవాళ్లం. వచ్చి కార్డు చూశాడు.

"ఏంది మల్లేశ్, రెండు గుద్దినవ్?"

"ఒక్కటే కొట్టిన సాబ్. తెప్పిచ్చి చూస్తె రెండున్నయి."

సుబేదార్ సాబ్ నా వైపు తిరిగాడు. "సార్, మీదేమన్నా ఇటొచ్చిందా?"

ఇలాంటప్పుడు పక్క లైను మనిషి మాటే ఆఖరు. ఆయన కాదంటే ఇంక విచారణ ఉండదు. ఈ ఆటలో అది ఆచారం.

"నా కార్డులన్నీ ఉన్నాయండి. నలభై మూడింటికి నలభై మూడు. చూసుకోండి" అన్నాను.

"నేను కార్డులు అడగలే సార్. మీ మాట అడుగుతున్న."

"కార్డులు కనబడుతుంటే ఇంక మాటెందుకండి?"

అబద్ధం చెప్పలేదని ఆ క్షణంలో నాకు నేను చెప్పుకున్నాను. ఆ వాక్యాలను ఇప్పుడు చూస్తే నిజంగానే వాటిలో అబద్ధం లేదు. ఏ ఉత్తరంలోనూ నేను అంత జాగ్రత్తగా మాటలు కూర్చలేదు.

మల్లేశ్ నన్ను చూశాడు. అనుమానంతో కాదు. అనుమానపడి ఉంటే నేను పోట్లాడి బతికిపోయేవాణ్ణి.

"జానేదో సాబ్. సార్‌కు ప్రతిదానికి లెక్క ఉంటది, ఆయనెందుకు తప్పుతడు. నేనే కొట్టిన్నేమో. గానీ వేలు ఎప్పుడు నొక్కిందో నాకే యాదికొస్తలేదు."

మా క్లబ్బు నియమం ప్రకారం ఆ రెండు రంధ్రాల్లో ఎక్కువ పాయింట్లు వచ్చినదాన్ని కొట్టేసి, శిక్షగా ఆయనకు ఇంకో రెండు పాయింట్లు కోశారు. మిగిలిన పదిహేడు గుండ్లూ మల్లేశ్ కొట్టిన తీరు నేను చూడలేకపోయాను. ప్రతిసారీ రైఫిలెత్తి, దించి, గుండు ఉందో లేదో తెరిచి చూసి, మళ్లీ ఎత్తేవాడు. నేను మూడో స్థానంలో వచ్చాను. ఆయన నాలుగు.

పోటీ అయ్యాక ఆయన రైఫిలు ఖాళీగా ఉందని తెలిపే నారింజ రంగు తీగను గొట్టంలో దూర్చి, సుబేదార్ సాబ్ చేతికిచ్చాడు. వచ్చే ఆదివారం మామూలుగా రమ్మని సాబ్ అంటే మల్లేశ్ తల అడ్డంగా ఊపాడు.

"తెల్వకుండ పేల్చినోడు తుపాకి పట్టొద్దని మొదటి దినం మీరే చెప్పిన్రు గద సాబ్. ఇగ నేను పట్ట."

ఎంత నచ్చజెప్పినా వినలేదు. మళ్లీ రాలేదు. నేను అక్కడే కోటు బకిల్స్ విప్పుకుంటూ నిలబడ్డాను. అప్పుడైనా చెప్పొచ్చు. ఎందుకు చెప్పలేదు?

కోటు గురించి నవ్వాడనా? చాలాకాలం అదే కారణమని నన్ను నేను ఒప్పించుకున్నాను. నలుగురిలో నన్ను చిన్నబుచ్చాడు, చెల్లుకు చెల్లు అనుకున్నాను. అది నిజం కాదు. నిజం ఇంతకన్నా చిన్నది, అందుకే చెప్పడానికి కష్టంగా ఉంది. రోజూ ఇతరుల తప్పులు రాసే నేను, "నాదే" అనే ఒక్క మాట గట్టిగా అందరి ముందు అనలేకపోయాను. రాష్ట్ర పోటీల్లో ఎక్కడో మధ్యలో మిగిలిపోయాను. అక్కడ వెలుతురు సరిగా లేదని ఒక ఉత్తరం రాశాను.

ఇంతటితో అయిపోయి ఉంటే నేను ఇది రాసేవాణ్ణి కాదేమో. రెండేళ్ల తరువాత ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక ఆఫీసుకు పని మీద వెళ్లాను. కింద లిఫ్టు తలుపు తెరిచి ఉంది, ముందు పసుపుపచ్చ బోర్డు. లోపల మల్లేశ్. పక్కన ఆయన వయసు మెకానికే ఇంకొకడు.

"ఎల్లన్నా, మెయిన్ బంద్ చేసిన్నా?"

"చేసినవ్ రా. ఇప్పుడే గద చూస్తి. మూడోసారి అడుగుతున్నవ్."

"జర మల్ల చూడే. నా మీద నాకు నమ్మకం లేదు."

ఆ రెండో అతను విసుక్కుంటూ వెళ్లి చూసొచ్చాడు. నేను స్తంభం వెనక నిలబడి, వాళ్లు చూడకుండా మెట్ల వైపు వెళ్లిపోయాను. పదకొండు అంతస్తులు ఎక్కాను. ఎక్కుతున్నంతసేపూ ఒకటే అర్థమవుతూ వచ్చింది. నేను ఆయన దగ్గర తీసుకున్నది మూడో స్థానం కాదు. ఆయన వేలు మీద ఆయనకున్న నమ్మకం తీసుకున్నాను. ఆ వేళ్లతోనే ఆయన బతకాలి. ఆ లిఫ్టుల్లో మనమే ఎక్కుతాం.

అయినా ఇంకో ఆరేళ్లు నోరు విప్పలేదు. ఈ మధ్య మా రేంజిలో కాగితం కార్డులు పోయి, గుండు పడిన చోటు చూపే ఎలక్ట్రానిక్ తెరలు వచ్చాయి. పోయిన నెల నా పక్క లైనులో బ్యాంకులో పనిచేసే ఒకావిడ కొట్టిన గుండు నా తెర మీద పడింది. వెంటనే చెయ్యెత్తింది. "క్రాస్ అయిందండి, నాదే, సారీ" అంది. సున్నా వేయించుకుంది. చెమట తుడుచుకుని తరువాతి గుండుకు రైఫిలెత్తింది. అంతా కలిపి నాలుగు సెకన్లు కూడా పట్టలేదు. నేను ఆ రోజు మిగిలిన గుండ్లు కొట్టకుండానే ఇంటికి వచ్చేశాను.

ఆ సాయంత్రమే కమిటీకి రాశాను. నలభై మూడో కార్డు మీద రెండో రంధ్రం నాది, నా మూడో స్థానం కొట్టేయండి, ఆ సంగతి నోటీసు బోర్డులో పెట్టండి అని రాశాను. చదివారని తెలుసు, ఎందుకంటే కార్యదర్శి కారిడార్‌లో ఎదురుపడినప్పుడు "పాతవన్నీ ఇప్పుడెందుకండీ, వదిలేయండి" అని భుజం తట్టి వెళ్లిపోయాడు. అది జవాబు కాదు. సుబేదార్ సాబ్ ఇప్పుడు లేరు, ఆయనకు చెప్పే అవకాశం నేనే పోగొట్టుకున్నాను. మల్లేశ్ నంబరు సంపాదించి అంతా వివరంగా మెసేజి పెట్టాను. రెండు నీలం టిక్కులు వచ్చాయి. ఇరవై రెండు రోజులైంది.

మీకు చెప్పాక ఛాతీలో ఏదో కాస్త సడలింది. ఇంతకుమించి నాకేమీ వద్దు. నన్ను మంచివాడని మీరు అనొద్దు.

కానీ మల్లేశ్ అన్నా, మిమ్మల్ని ఒకటి అడిగే హక్కు నాకు లేదని తెలిసీ అడుగుతున్నాను. క్షమించమని అడగడం లేదు. తిట్టాలనుకుంటే తిట్టండి, వద్దనుకుంటే నా నంబరు బ్లాక్ చేయండి. దానికి ముందు ఒక్కటే చెప్పండి. ఆ రోజు మీ వేలు తప్పు చేయలేదని ఇప్పుడు మీరు నమ్ముతున్నారా లేదా? అవును, కాదు, ఏదో ఒకటి రాయండి. దీనికి మాత్రం నాకు జవాబు కావాలి.