మసీరాలో గుట్ట కింద

తమ్ముడు మసీరా దీవికి పోయాక కూడా అది ఎంతుంటుందో నేను అడగలేదు. ఒమాన్‌లోని అల్ అమెరాత్ ఊళ్లో కంపెనీ మేస్త్రీతో పడక, ఎవరికీ చెప్పకుండా బయటికి వచ్చేశాడు. పాస్‌పోర్టు కంపెనీలోనే ఉండిపోయింది. అలాంటివాళ్లను ఇక్కడ మనవాళ్లు ఖల్లివెల్లి అంటారు. పోలీసులకు దొరికితే ఇంటికి పంపించేస్తారు. సముద్రం దాటితే అడిగేవాళ్లు ఉండరని ఎవరో చెబితే దీవికి చేరి, చేపలు పట్టే తీగ బోనులు అల్లే పనికి కుదిరాడు.

"ఏడ ఉంటున్నవ్‌రా?" అని ఫోన్లో అడిగాను.

"గుట్ట కింద అక్కా. రూమ్ మంచిగనే ఉంది."

అది చాలనుకున్నాను. మా జగిత్యాల దిక్కు ఊరికొక గుట్ట. గుట్ట కింద అంటే చిన్నపిల్లలు కూడా ఇంటి దాకా తీసుకుపోయి చూపిస్తారు. దీవి అంటే నాకు తెలిసింది గోదావరి మధ్యలోని లంకలే. ఎండాకాలం అక్కడ పుచ్చతోటలు వేసేవాళ్లు పొద్దున పోయి, అంతా చుట్టి, అన్నం వేళకు ఇంటికి వచ్చేవాళ్లు.

తమ్ముడికి చిన్నప్పటి నుంచీ షుగర్. రోజూ కడుపులో సూది వేసుకోకపోతే బతకడు. నేను బౌషర్‌లో ఒక ఇంట్లో వంటపని చేస్తాను. మందు కొని, ఐస్ నింపిన ఫ్లాస్కులో పెట్టి, దీవికి కూరగాయలు తోలే డ్రైవర్‌కు ఇచ్చేదాన్ని. ఆయన కడప సాయిబు. హిల్ఫ్ ఊళ్లోని దుకాణంలో ఇచ్చి వస్తే, తమ్ముడు ఎప్పుడో వచ్చి తీసుకుపోయేవాడు.

ఆసారి గాలి లేచింది. ఫెర్రీ ఆగిపోయింది. కూరగాయల బండి సముద్రం ఒడ్డు దాకా పోయి వెనక్కి వచ్చింది. గాలి తగ్గకముందే తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, సూది అయిపోయింది. ఏం తిన్నా కక్కుతున్న." ఊపిరి ఎగబోస్తూ మాట్లాడాడు. ఆ తరువాత ఫోన్ కలవలేదు.

మేడమ్ కాళ్లావేళ్లా పడి సెలవు తెచ్చుకున్నాను. ఫెర్రీ మొదలైన రోజు ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని ఆ బండిలోనే పోయాను. నీళ్ల మీద నుంచి దీవి కనబడింది. చివర కనబడలేదు. గోధుమరంగు గుట్టలు ఒకదాని వెనక ఒకటి, చూపు ఆనే దాకా ఉన్నాయి.

"యాడుంటాడమ్మా మీ తమ్ముడు?" డ్రైవర్ అడిగాడు.

"గుట్ట కింద అన్నా."

"ఏ గుట్ట?"

ఆయన నా ముఖం చూసి నవ్వబోయి ఆపుకున్నాడు. "ఈ దీవంతా గుట్టలే గదమ్మా. గుట్ట కింద అంటే ఆకాశం కింద అన్నట్టే. సరే, అడుక్కుంటా పోదాం పా."

హిల్ఫ్‌లో జనం ఉన్నారు. దుకాణాలు, మసీదు, బడి, ఆస్పత్రి, పడవలు, అన్నీ ఆ ఉత్తరపు కొసనే. కూరగాయల దుకాణం అతనికి తమ్ముడి ముఖం తెలుసు, ఉండే చోటు తెలియదు. దక్షిణం వైపు చెయ్యి ఊపాడు. ఊరు దాటామో లేదో మనుషులు అయిపోయారు. ఒక పక్క సముద్రం, ఒక పక్క గుట్టలు, మధ్యలో తారు రోడ్డు. గడ్డి లేదు, నీడ లేదు. మేకలు కనబడితే మనిషి ఉంటాడని ఆశపడేదాన్ని. దగ్గరికి పోతే మేకలే ఉండేవి. బోర్డులు వచ్చేవి. తల నెరిశాక నేను నేర్చుకున్నవి తెలుగు అక్షరాలు, అవి అక్కడ ఎందుకూ పనికిరాలేదు.

రేకుల గుడిసె కనబడిన ప్రతిచోటా దిగాము. కొన్నింటికి తాళాలు. కొన్నింట్లో బంగ్లా జాలర్లు. డ్రైవర్ హిందీలో అడిగేవాడు, వాళ్లు తల అడ్డంగా ఊపేవాళ్లు. ఫ్లాస్కు కదిలిస్తే లోపల ఐస్ చప్పుడు పోయి నీళ్ల చప్పుడు వస్తోంది.

"తిరిగి పోదామా అమ్మా? ఇంకా కిందికి పోతే ఎవురూ ఉండరు," అన్నాడు డ్రైవర్.

"ఎవరూ లేని కాడికే గదన్నా వాడు వచ్చింది," అన్నాను.

ఆయన బండి ముందుకే పోనిచ్చాడు.

ఒడ్డున ఒక ముసలి ఒమానీ వల ఆరేస్తున్నాడు. డ్రైవర్ అరబ్బీలో ఏదో అడిగితే తెలియదన్నాడు. నాకు ఓపిక పోయింది. ముందుకు పోయి, కొంగు పక్కకు జరిపి, వేలితో నా కడుపులో సూది పొడుచుకున్నట్టు చూపించాను. ఆయన ఒక్క క్షణం చూశాడు. చేతిలోని వల కింద పడేసి, గుట్ట మలుపులో ఉన్న ప్లైవుడ్ గది చూపించాడు.

తలుపు నెడితే పుల్లటి వాసన. తమ్ముడు చాప మీద ఉన్నాడు. పెదాలు ఎండి తెల్లగా పగిలాయి. కుక్క రొప్పినట్టు రొప్పుతున్నాడు. నన్ను గుర్తుపట్టాడు.

"సూది తెచ్చినవా? ఏసి పో అక్కా."

"సూదితోటి అయ్యేది గాదురా ఇది. ఆస్పత్రికి పోవాలె."

"వద్దు. కార్డు అడుగుతరు. పట్టిస్తరు." నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ పట్టులో బలం లేదు. "నన్ను పట్టియ్యకే. ఈడ్నే ఉంట."

"ఈడ ఉంటే సస్తవ్‌రా!"

"సస్తే సస్త. ఉత్త చేతులతోటి ఇంటికి పోను."

నేను డ్రైవర్ వైపు చూశాను. ఆయన ఇంకేమీ అడగకుండా వాడి చంకల కింద చేతులు వేసి ఎత్తాడు. ముసలాయన వచ్చి కాళ్లు పట్టుకున్నాడు. ఉల్లిగడ్డ సంచుల మధ్య, వాడి తల నా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కొంతదూరం "ఆపు, ఆపు" అన్నాడు. తరువాత అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ భయమైంది. "తిట్టురా, నన్ను తిట్టు" అని చెంపలు తడుతూనే ఉన్నాను.

ఆస్పత్రిలో గుర్తింపు కార్డు అడిగారు. లేదన్నాను. అయినా లోపలికి తీసుకుపోయారు. సెలైన్ ఎక్కించారు, మందు ఎక్కించారు. మర్నాడు ఊపిరి నెమ్మదించింది. ఆ పొద్దున్నే ఒక పోలీసు వచ్చి మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మర్యాదగానే ఉన్నాడు. నాకు సలాం కూడా చెప్పాడు.

తమ్ముడు కళ్లు తెరిచి ముందు ఆ టోపీని చూశాడు. తరువాత నన్ను చూశాడు.

"నీళ్లు తాగుతవారా?" అన్నాను.

వాడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడ్డాను.