నేను కూలర్‌కి తారు పూసిన ఎండాకాలం

పోయిన వారం నాగపూర్‌లో ఉంటున్న మా అమ్మాయి ఇంట్లో వాషింగ్ మెషీన్ నీళ్లు వదలకుండా మొండికేసిందట. 'అట' అని ఎందుకంటున్నానంటే, ఆ సంగతి నాకు రెండు రోజులు ఆలస్యంగా, అదీ మా ఆవిడ నోటి ద్వారా తెలిసింది. మెషీన్ ఆగగానే అమ్మాయి విజయనగరంలో ఉన్న వాళ్ల పెదనాన్నకి వీడియో కాల్ చేసిందట, ఆయన మంచం మీద నుంచి లేవకుండానే అడుగున ఉన్న మూత విప్పించి, అందులో ఇరుక్కున్న చిన్న మేజోడు బయటికి లాగించి, మళ్లీ ఎంత బిగించాలో అంతే బిగింపజేశాడట. మా ఆవిడ ఇదంతా పురాణం చెప్పినంత భక్తిగా చెబుతుంటే నేను పేపరు చదువుతున్నవాడిలా కూర్చున్నాను. నాకు డెబ్బై దాటాయి. బీపీ ఉంది, షుగరుంది, రెండింటికీ మాత్రలున్నాయి. మా తోడల్లుడి మీద ఈర్ష్యకి మాత్రం ఏ డాక్టరూ మందు రాయలేదు కనక అది నలభై ఏళ్లుగా ఆరోగ్యంగానే ఉంది.

తోడల్లుడంటే మా ఆవిడ అక్కగారి భర్త. ఇద్దరమూ భిలాయి ఉక్కు ప్లాంటులోనే పనిచేశాం, ఇద్దరికీ సెక్టర్ 2లోనే క్వార్టర్లు దొరికాయి, అదీ పక్కపక్కన, పెరళ్ల మధ్య ఛాతీ ఎత్తు గోడ ఒక్కటే అడ్డం. ఆయన రోలింగ్ మిల్లులో ఫిట్టరు. నేను టైమాఫీసులో గుమస్తాని, అంటే మిగిలినవాళ్లు ఎప్పుడు పనిలోకి దిగారో రాసిపెట్టడమే నా పని. ఆయన ఫిట్టరు, నేను అన్‌ఫిట్టు అని ఎవరో అనేలోగా నేనే అనేసి నవ్వేవాణ్ణి. ఆ నవ్వు వెనక ఎంత మంట ఉండేదో బొగ్గు కాలే కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసినవాళ్లకి చెబితే తెలుస్తుంది.

ఆయన చేతుల గురించి చెప్పాలి. పొట్టి వేళ్లు, గోళ్ల సందుల్లో ఎప్పుడూ గ్రీజు నలుపు, చూడ్డానికి ఏమంత అందమైనవి కావు. కాని ఆ వేళ్లు ఆగిపోయిన వస్తువు మీద పడితే చాలు, అది తప్పు ఒప్పుకున్న దొంగలా తన రోగం తానే చెప్పేసేది. మా ఇంట్లో ఇస్త్రీపెట్టె, మిక్సీ, పాప సైకిలు చైను, బొమ్మ కన్ను, గొడుగు పుల్ల, ఏది చెడినా గోడ మీదుగా అటు వెళ్లి సాయంత్రానికి బాగై ఇటు వచ్చేది. నా చరిత్ర వేరు. కారుతున్న కుళాయికి వాషరు మార్చబోతే కుళాయే ఊడి చేతికి వచ్చింది, వంటింట్లో చీపురు తేలింది. దేవుడి పటానికి మేకు కొట్టబోయి గోడలో ఉన్న వైరుకి కొట్టాను. దేవుడు వెలగలేదు సరికదా ఇంట్లో ఉన్న దీపాలన్నీ ఆరిపోయాయి. అప్పటినుంచి నేను సుత్తి ముట్టుకుంటే మా ఆవిడ ముందుగా పాపని చంకనేసుకునేది.

ఇవన్నీ ఓర్చుకోగలిగేవాణ్ణి. ఓర్చుకోలేనిది ఒక్కటే. మా పాపకి అప్పుడు ఎనిమిదేళ్లు. ఏది విరిగినా, తెగినా, ఆగినా, కుర్చీలో కూర్చున్న నన్ను ఒక స్తంభాన్ని దాటినట్టు దాటి, పెరట్లోకి పరుగెత్తి, 'పెదనాన్నా!' అని కేకేసేది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, విరిగిన వస్తువు పట్టుకుని ఆ పిల్ల ముందు నా దగ్గరికి రావాలి. నేను బాగు చేయాలి. అది నడవాలి. జీవితంలో ఇంతకు మించి పెద్ద కోరికలు నాకు లేవంటే మీరు నమ్మాలి.

ఆ కోరికే నా చేత తారు పట్టించింది.

మా భిలాయిలో హోలీ వెళ్లిందంటే కూలర్లు దింపే ఆదివారం వస్తుంది. క్వార్టరుకి ఏ రిపేరైనా మెయింటెనెన్సు ఆఫీసులో కంప్లెయింటు రాసి వస్తే మనిషి వచ్చేవాడు గాని, కూలర్ మన సొంతం, దాని బాధ మనదే. ఆ రోజు మా వీధిలో మగవాళ్లంతా లుంగీలు ఎగ్గట్టి, ఇనప రేకు కూలర్లు ఆరుబయట పెట్టి, పాత గడ్డి పీకి కొత్త గడ్డి కూరుతూ, ఇంట్లో మిగిలిన రంగేదో పైన పూస్తూ, పక్కవాడి కూలర్ వైపు ఓరచూపులు చూస్తూ ఉండేవాళ్లు. తొట్టి తుప్పు పట్టకుండా లోపల తారు పూయడం అందులో పెద్ద ఘట్టం. ఏటా మా తోడల్లుడు తనది ముగించి, నేను పళ్లు తోముకునేలోపే మాది కూడా ముగించేసేవాడు. ఆ ఏడు మాత్రం మిల్లు ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ పడి ఆయనకి ఆదివారాలు కూడా డ్యూటీయే. మరోవైపు విజయనగరం నుంచి మా మామగారు గురువారం దిగుతున్నానని ఉత్తరం రాశారు. ఎండలు ముదిరాయి. ఇంతకంటే మంచి అవకాశం నాకు రాదనిపించింది.

బుధవారం సెలవు పెట్టి తారు తెచ్చాను. డ్యూటీకి వెళ్తూ ఆయన గోడ మీదుగా తొంగిచూసి, "తమ్ముడూ, పూసినాక నాలుగెండలు తగలనియ్యి, తొందరపడకు," అన్నాడు. మంచి సలహాయే. కాని సలహా ఆయన నోట్లోంచి రావడంతో నాకు చేదైపోయింది. తారు చిక్కగా ఉంది, కుంచె కదలదు. పల్చన చేయడానికి కిరసనాయిలు పోయాలని తెలుసు, ఎంత పోయాలో తెలియదు. తెలియనప్పుడు ఎక్కువ పోయడం నా పద్ధతి. గడ్డి కూడా నేనే కూర్చాను, సందులు అక్కడక్కడా మిగిలాయి గాని గాలి బాగా వస్తుందిలే అనుకున్నాను. మర్నాడు మామగారు రాగానే తొట్టి నిండా నీళ్లు పోసి, కూలర్‌కి ఎదురుగా పడక వేసి, స్విచ్చి వేసి, "కూలర్ నేనే చేశాను మామగారూ" అని చెప్పి మరీ ఆఫీసుకి వెళ్లాను.

మామగారిది పొందూరు ఖద్దరు తప్ప ఒంటి మీద మరొకటి వేయని పట్టుదల. రెండు జతలు తెచ్చుకున్నారు. ఒకటి కట్టుకుని కూలర్ ముందు పడుకున్నారు, రెండోది ఉతికించి ఆ కూలర్ ముందే దండెం మీద ఆరవేయించారు. సాయంత్రం నేను వచ్చేసరికి కిరసనాయిలు వాసన వీధి మలుపు దాకా ఎదురొచ్చింది. ఆరని తారు నీళ్లతో కలిసి, గడ్డి సందుల్లోంచి గాలితో పాటు ఎగిరి, రెండు జతల మీదా సన్నటి నల్ల చుక్కలుగా కురిసింది. మామగారి బుగ్గ మీద కూడా దిష్టిచుక్కలా ఒకటి. తారు పూశాను, తారుమారైంది.

"ఏటండీ ఇది?" అంది మా ఆవిడ. కొంగు తీసి వాళ్ల నాన్న బుగ్గ తుడవబోయింది.

షిఫ్టు దిగి వచ్చిన మా తోడల్లుడు గేటు దగ్గరే వాసన పట్టాడు. నవ్వలేదు. 'నే చెప్పేనా' అనలేదు. చొక్కా విప్పి తొట్టి తుడిచాడు, గడ్డి తీసి సందు లేకుండా మళ్లీ కూర్చాడు, తారు ఆరేదాకా వాడుకోమని తన కూలర్ తెచ్చి మా కిటికీకి ఆనించాడు. "బావ లేపోతే మనం ఏటైపోదుమో," అంది మా ఆవిడ, నాకు వినపడాలనే. మా పాప ఆయన పక్కనే చతికిలబడి గడ్డి పుల్లలు అందిస్తోంది. నేను దీపం స్తంభంలా నిలబడ్డాను, దీపం లేకుండా.

ఆ ఆదివారం ఆయనకి ఎలాగో సెలవు దొరికి, మామగారికి ఊరు చూపిద్దామని రెండు కుటుంబాలమూ పులిహోర గిన్నెలతో జూకి బయల్దేరాం. ఆ చుక్కలు ఏ సబ్బుకీ లొంగలేదు, నా ప్యాంటు తొడుక్కోవడానికి మామగారు లొంగలేదు. తెల్లపులి బోను దగ్గర మా పాప పులినీ తాతనీ మార్చి మార్చి చూసి, "తాతా, దానికి చారలు, నీకు చుక్కలు," అని తేల్చింది. పక్కనున్న పెద్దమనిషి ఒకాయన, "బాబా, హోలీ తో కబ్‌కీ హో గయీ!" అని నవ్వాడు, హోలీ ఎప్పుడో అయిపోయిందిగా అని. మామగారికి హిందీ రాదు గాని హోలీ అన్న మాట అర్థమైంది. "మా చిన్నల్లుడు ఆడేడు నాయినా," అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, అలవాటు కొద్దీ.

భోజనాల వేళ చెట్టు కింద మా తోడల్లుడు గిన్నెలు విప్పుతున్నాడు. నేను నాలుగడుగుల ఇవతల నిలబడి ఉన్నాను. పాప పరుగెత్తుకొచ్చింది, చేతిలో ఒక చెప్పు, దాని తోలు పట్టీ మొదలంటా తెగి వేలాడుతోంది. దారిలో మొదట ఉన్నది నేను. చెయ్యి కూడా చాపాను. పిల్ల ఆ చేతి కిందనుంచి దూరి వెళ్లి చెప్పుని వాళ్ల పెదనాన్న ఒళ్లో పెట్టింది.

ఆయన దాన్ని ఒకసారి తిప్పి చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. పని అప్పటికే మనసులో అయిపోయిందని అర్థం. ఎప్పుడూ ఉండే తీగముక్క కోసం చెయ్యి జేబు దాకా వెళ్లింది. అప్పుడు తలెత్తాడు. నేను చాపిన చెయ్యి ఇంకా చాపే ఉందని నాకే తెలియదు, ఆయన చూశాడు. జేబు దాకా వెళ్లిన చెయ్యి వెనక్కి వచ్చింది.

"ఇది నా వల్ల కాదమ్మా. తోలు పని నాకు రాదు. మీ నాన్నకియ్యి."

"నీకు రాదా పెదనాన్నా?" పాపకి నమ్మకం కుదరలేదు.

"రాదంటే రాదే. ఎల్లు."

పిల్ల నా దగ్గరికి వచ్చి, చూద్దాం అన్నట్టు చెప్పు నా చేతిలో పెట్టింది. మా ఆవిడ గాజుకున్న పిన్నీసు అడిగి తీసుకుని, నాలుక పళ్లమధ్య బిగించి, పట్టీని అటునుంచి ఇటు, ఇటునుంచి అటు కుట్టినంత పని చేశాను. పాప తొడుక్కుంది. అడుగేసింది. నడిచింది! ఆ మధ్యాహ్నమంతా నేను జంతువుల్ని చూడలేదు, ఆ ఒక్క చెప్పునే చూస్తూ తిరిగాను. జూ చెరువులో పడవ ఎక్కినా ఊడలేదు, బస్సు దాకా ఊడలేదు, ఇంటి దాకా ఊడలేదు. మా తోడల్లుడి వైపు రెండుసార్లు గర్వంగా చూశాను కూడా.

ఇంటికొచ్చి పాప కాళ్లు కడుగుతూ మా ఆవిడ కెవ్వుమంది. పిన్నీసు ఎక్కడో తెరుచుకుని పాప మడమ పక్కన వరసగా గుచ్చుతూ వచ్చింది, చెప్పు పట్టీకి నెత్తురు అంటుకుంది. "అంతసేపు ఎందుకు చెప్పలేదే?" అంటే పాప నన్నొకసారి చూసి తల దించుకుని, "చెప్తే నాన్న పిన్నీసు తీసేస్తాడు కదా," అంది.

నేను పెరట్లోకి వెళ్లిపోయాను. గోడ అవతల అరుగు మీద మా తోడల్లుడి డ్యూటీ బూట్లు ఆరబెట్టి ఉన్నాయి, వాటి అంచున ఆయన స్వయంగా వేసుకున్న కుట్లు, గళ్ల కాగితం మీద గీసినంత తిన్నగా. ఆ బూట్లు ఆయన కుట్టుకుంటుంటే నేనే ఎన్నోసార్లు చూశాను. తోలు పని రాదట! ఎనిమిదేళ్ల పిల్ల ముందు, తను దేవుడైన చోట, నోరారా రాదని చెప్పుకోగలగడం. ఆ పని నాకు వచ్చేనా? ఆయన ఇస్త్రీపెట్టెలు బాగు చేస్తుంటే కుళ్లుకున్నదాని కంటే, ఆ ఒక్క అబద్ధానికి ఎక్కువ కుళ్లుకున్నాను. ఇప్పటికీ అంతే.

ఆ తర్వాత పాప కొన్నాళ్లు చిన్నచిన్నవి నా దగ్గరికి తెచ్చింది, పెన్సిలు ముక్కలు, రిబ్బన్ల ముడులు, నేను పాడుచేయడానికి వీల్లేనివి. క్రమంగా మళ్లీ గోడ వైపే పరుగెత్తింది, అది న్యాయమే. ఆయనతో ఆ చెప్పు సంగతి ఎత్తాలని చాలాసార్లు గోడ దాకా వెళ్లాను, ప్రతిసారీ ఎండల గురించి మాట్లాడి తిరిగొచ్చాను. ఆయన రిటైరై విజయనగరం వెళ్లిపోతూ సామానుతో దుర్గ్ స్టేషన్‌లో రైలెక్కేటప్పుడు కూడా కిటికీ దగ్గర నిలబడి, రాయపూర్ దాటాక భోజనం బాగుండదు, ఇక్కడే కొనుక్కోండి అని మాత్రం చెప్పాను. "ఉంటాను తమ్ముడూ," అన్నాడాయన.

ఇప్పుడు మేం భిలాయిలోనే, వైశాలి నగర్‌లో మూడో అంతస్తులో ఉంటున్నాం. ఏది చెడినా ఫోనులో నొక్కితే యూనిఫారం వేసుకున్న మనిషి వస్తాడు, పాత ముక్క తీసి కొత్త ముక్క పెడతాడు, నాలుగు నిమిషాల్లో వెళ్లిపోతాడు. అతని మీద నాకు ఏ ఈర్ష్యా కలగలేదు, మొహం కూడా గుర్తుండదు. కిటికీలన్నిటికీ ఒకే తెలుపు ఏసీలు, హోలీ వెళ్లిన ఆదివారం తలుపులన్నీ మూసే ఉంటాయి. ఆరేళ్లయింది ఇక్కడికి వచ్చి, ఎదురు ఫ్లాటాయన లిఫ్టులో కనిపిస్తే తలూపుతాను, ఆయనా ఊపుతాడు. ఆయనకేం చేతనవునో తెలిస్తే కదా, పాపం, కుళ్లుకోవడానికి.