బస్సుల దగ్గర నీడ

ఎండకు కాలిన ఇనుముకు ఒక వాసన ఉంటుంది. మొన్న మధ్యాహ్నం మా అమ్మాయి స్కూలు ముందు కారు దిగి రెయిలింగ్ మీద చెయ్యి వేశానో లేదో చురుక్కుమంది. తుప్పూ దుమ్మూ కలిసిన ఆ వాసన అరచేతి నుంచి ముక్కుకు తగిలింది, ఈ అరబ్బు నగరంలోనే ఉన్న పాత పేట మలాజ్‌లోని మా పాత స్కూలు ఆవరణ కళ్ళ ముందు నిలబడింది. నేను వెళ్ళింది తొమ్మిదో తరగతి పిల్లలతో మాట్లాడటానికి. స్కూలు నిధి కోసం మేళా పెడుతున్నారట, పిల్లలు ఒక్కరూ ముందుకు రావడం లేదట, తల్లులెవరైనా వచ్చి నాలుగు మాటలు చెబితే బాగుంటుందని మెసేజ్ పెట్టారు. మా అమ్మాయి ముందే షరతు పెట్టింది: "నువ్వు రా మమ్మీ, కానీ నేను నీ బిడ్డనని ఎవ్వరికీ చెప్పకు." ఆ వయసులో నేనేమీ తక్కువ తినలేదు గనుక నోరు మూసుకుని ఒప్పుకున్నాను.

మాది అప్పట్లో మలాజ్‌లో రెండు గదుల ఇల్లు. మెట్ల కింద రొట్టెల దుకాణం ఉండేది. తెల్లవారుజామున తందూరు వెలిగిస్తే ఆ వేడి రొట్టె వాసన మూడో అంతస్తు దాకా ఎక్కివచ్చి మా కిటికీ తట్టేది, అమ్మ లేపకముందే మేం లేచేవాళ్ళం. నాన్నది జగిత్యాల పక్క పల్లెటూరు, ఇక్కడ ఒక వెల్డింగ్ వర్క్‌షాపులో ఫోర్‌మన్. సాయంత్రం ఇంటికి రాగానే గుమ్మం బయటే బూట్లు విప్పి, ఒకదానికొకటి కొట్టి, లోపలి ఇసుకంతా దులిపి, అదేదో పెద్ద పని పూర్తిచేసినట్టు నిట్టూర్చి గానీ లోపలికి వచ్చేవాడు కాదు. చలికాలంలో అమ్మ పడకగది నిండా తెల్ల దుప్పటి పరిచి సకినాలు చుట్టేది. ఆరీ ఆరని పచ్చి సకినాలను మా తమ్ముడు వంశీ మధ్యమధ్యలో తుంచుకుని తినేవాడు, ఆ ఖాళీలు చూసి అమ్మ నన్ను తిట్టేది. వసంతం రాగానే దుమ్ము గాలులు మొదలయ్యేవి. ఆకాశం నారింజ రంగుకు తిరిగి, పట్టపగలే వీధి దీపాలు వెలిగి, కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కి మేం నలుగురం ఒకే గదిలో కూర్చునేవాళ్ళం. బయట ఊరుందో లేదో తెలిసేది కాదు. ఆ దినాలు తలచుకుంటే ఇప్పటికీ నాకు సగం నిద్రలో ఉన్నట్టే ఉంటుంది.

మా స్కూలు ఎవరిదో అద్దె విల్లా. పడకగదులే తరగతి గదులు, వంటిల్లే సైన్సు ల్యాబు. వెనక సిమెంటు ఆవరణలో బస్సుల కోసం నిలబడేవాళ్ళం. అది ఆడపిల్లల విభాగమే అయినా చిన్న తరగతుల మగపిల్లలు మాతోనే చదివేవారు, వంశీ అప్పుడు ఒకటో తరగతి. గేటు దగ్గర చెక్క కుర్చీలో ఒక ముసలి కాపలాదారు ఉండేవాడు, ఉత్తరాన హాయిల్ వైపు అరబ్బు మనిషి. మడమల దాకా తెల్లటి తోబు, ఎర్రగళ్ళ తలగుడ్డ, పక్కన గహ్వా కాఫీ ఫ్లాస్కు, ఒక చేతిలో ఖర్జూరపు డబ్బా. ఆయన అసలు పేరు మాకెవరికీ తెలియదు, తెలుగు పిల్లలమంతా గేటు తాత అనేవాళ్ళం. నవ్వేవాడు కాదు, అరిచేవాడూ కాదు. మేం మాత్రం ఆయన ముందు నుంచి తల వంచుకుని గబగబా దాటిపోయేవాళ్ళం.

ఆ ఏడు ఏప్రిల్లోనే ఎండలు మండిపోయాయి. బస్సులు ఎప్పుడూ ఆలస్యమే. చిన్నపిల్లలు నెత్తిన పుస్తకాల సంచులు పెట్టుకుని వరుసగా నిలబడేవారు. రెండు వారాల్లో వంశీకి మూడుసార్లు ముక్కు నుంచి రక్తం కారింది. మూడోసారి చొక్కా ముందు భాగమంతా ఎర్రబడి ఇంటికొచ్చాడు. అమ్మ వాణ్ని ఒళ్ళో వేసుకుని, తడిబట్ట నుదుటిన పెట్టి, "ఈ పోరగాన్ని ఇగ బడికి తోలను, ఊరికి తీస్కపోత" అంది. అమ్మా వంశీ జగిత్యాల వెళ్ళిపోతే మా ఇల్లు ఏమవుతుందో అని నాకు గుండె జారింది. వాణ్ని రోజుకు పదిసార్లు మొట్టే నేనే ఆ సాయంత్రం వాడి పక్కన కూర్చుని కదల్లేదు.

ఆవరణ మీద పందిరి వేయించడానికి స్కూలు దగ్గర డబ్బు లేదు. పెద్ద తరగతుల పిల్లలు మేళా పెట్టి, ఇళ్ళకు తిరిగి కూపన్లు అమ్మి కూడబెట్టాలని హెడ్ మిస్ట్రెస్ ప్రార్థన సమయంలో చెప్పింది. మా తొమ్మిదో తరగతి మొహాలు చూడాలి అప్పుడు! గుమ్మం గుమ్మం తిరిగి అడుక్కోవడమా, మేమా? తమ్ముడి రక్తం చూసిన నేను కూడా, తరగతిలో అందరూ మూతి తిప్పుతుంటే, తిప్పాను. ఇది చెప్పుకోవడానికి నాకిప్పటికీ సిగ్గే.

మా సైన్సు టీచర్ సరోజ గారిది భీమవరం. ఆవిడ మమ్మల్ని బతిమాలలేదు, ఉపన్యాసమూ దంచలేదు. "సరేనమ్మా, మేళా ఇష్టం లేకపోతే మానేయండి. రేపట్నుంచి చిన్నపిల్లల బస్సు డ్యూటీ మాత్రం మీదే" అని వెళ్ళిపోయారు. మరునాడు ఒళ్ళంతా కప్పే నల్లటి అబాయాలలో, తలా ఇద్దరు పిల్లల చేతులు పట్టుకుని ఆ సిమెంటు మీద నిలబడ్డాం. చెప్పుల అడుగు నుంచి వేడి పైకెక్కింది. ఒక బుడ్డది నా నీడలో నిలబడటానికి నాతోపాటే జరుగుతూ వచ్చింది, నేను ఎటు తిరిగితే అటు. నాకు అప్పుడు ఏడుపొచ్చింది. మూడో రోజు సాయంత్రం మా తరగతిలో ప్రతి పిల్లా మేళా కాగితం మీద పేరు రాసింది.

ఆ తర్వాత రెండు వారాలూ మాకు పండగే. మలాజ్ వీధుల్లో అమ్మలను వెంటబెట్టుకుని మెట్లెక్కి దిగాం. మలబారు ఇళ్ళలో అరటికాయ చిప్స్ పెట్టారు, పాకిస్తానీ ఇళ్ళలో సేమ్యా పెట్టారు, ఒక కర్నూలు ఆవిడ కూపన్ కొని, మమ్మల్ని కూర్చోబెట్టి గంటసేపు తన చిన్నప్పటి బడి సంగతులు చెప్పింది. మా బల్ల మీద మిరపకాయ బజ్జీలు అమ్మాలని తేల్చాం. పొట్లాల ఆలోచన నాది. జగిత్యాల బస్టాండు దగ్గర బండివాడు కాగితం శంఖంలా చుట్టి, బజ్జీలు వేసి, పైన ఉల్లిపాయ ముక్కలు చల్లి ఇచ్చేవాడు. ప్లేటులో తింటే ఆ రుచి రాదని నా గట్టి నమ్మకం. నా జట్టులో నస్రీన్‌ది నిజామాబాద్, నాకంటే చక్కని తెలుగు దానిది. అది వెంటనే అంది: "అరబీ పేపర్ మాత్రం వద్దే. దాంట్ల యాడ యాడ దేవుని పేరుంటదో మనకు తెల్వది. తిని పారేస్తరు, కాళ్ళ కింద పడ్తది. ఇంగ్లిష్ పేపరే తెద్దాం." నేను సరేనన్నాను. నాన్న వర్క్‌షాపు నుంచి పాత పేపర్ల కట్ట తెచ్చి ఇచ్చాడు, రెండు రకాలూ కలిసి ఉన్నాయి.

మేళా నాటి పొద్దున ఆ కట్ట మోయలేక గేటు దగ్గర ఆగిపోతే, గేటు తాత లేచివచ్చి నా చేతుల్లోంచి తీసుకున్నాడు. నేల మీద పెట్టలేదు, తన కుర్చీ ఖాళీ చేసి దాని మీద పెట్టి, లోపలి నుంచి ఆయా వచ్చేదాకా నిలబడే ఉన్నాడు. ఎందుకో నేను ఆలోచించలేదు. నస్రీనూ నేనూ అరబీ కాగితాలు ఏరి బల్ల కింద అట్టపెట్టెలో దాచాం.

అమ్మ బాణలి ముందు నిలబడింది. వాము వేసిన శనగపిండి వాసన ఆవరణంతా అల్లుకుంది, హాయిల్ తోటల నుంచి వచ్చిన లావు మిరపకాయలు నూనెలో ఉబ్బి పైకి తేలుతుంటే పిల్లలు బల్ల చుట్టూ మూగారు. హైదరాబాదీ ఆంటీలు కళ్ళు తుడుచుకుంటూ రెండోసారి వరుసలో నిలబడ్డారు. నేను చుట్టిన పొట్లం అందరూ మెచ్చుకుంటుంటే నా కాళ్ళు నేల మీద లేవు. మధ్యాహ్నం నస్రీన్ నమాజుకు వెళ్ళింది. సరిగ్గా అప్పుడే లోపల క్విజ్ ముగిసి పిల్లలంతా ఒక్కసారిగా వచ్చి పడ్డారు. ఇంగ్లిష్ కాగితాలు అయిపోయాయి. "తొందరగ ఇయ్యవే, సల్లారుతున్నయ్!" అని అమ్మ కేక. నేను బల్ల కిందికి వంగి అట్టపెట్టె లాగాను. పది పొట్లాలకేగా అనుకున్నాను. పది ఇరవై అయ్యాయి, యాభై అయ్యాయి.

అప్పుడు గాలి లేచింది. తిని పారేసిన పొట్లాలన్నీ దొర్లుకుంటూ గేటు వైపు పోయాయి. అటు చూసేసరికి గేటు తాత నేల మీద మోకాళ్ళపై ఉన్నాడు. ఒక్కొక్క కాగితం అందుకుని, నూనె మరకలను తోబు అంచుతో తుడిచి, మడతలు విప్పి, ఒడిలో పేర్చుకుంటున్నాడు. అరవలేదు. ఎవరి వైపూ చూడలేదు. ఒక కాగితం బస్సు కిందికి దూరితే ఆ ముసలాయన పూర్తిగా పడుకుని చెయ్యి చాచాడు. నస్రీన్ నమాజు ముగించి వచ్చింది, నా చేతిలో సగం చుట్టిన పొట్లం చూసింది, ఏరడానికి పరుగెత్తింది.

హెడ్ మిస్ట్రెస్ మొహం పాలిపోయింది. మా బల్ల మూసేశారు, కాసేపటికి మేళా మొత్తం ఆపేశారు. నేను బాణలి పక్కన నిలబడి వెక్కుతుంటే సరోజ టీచర్ వచ్చి, "తర్వాత ఏడుద్దువు గానిలే, ముందు కాగితాలు ఏరు" అన్నారు. గోడల వెంట, మొక్కల మొదళ్ళలో, మెట్ల కింద ఏరాం. ఏరినవన్నీ నస్రీన్ గేటు దగ్గరికి తీసుకెళ్ళి తాతకు అందించింది. నేను వెళ్ళలేకపోయాను. ఆయన ఎక్కడైనా ఫిర్యాదు చేస్తాడేమోనని పెద్దవాళ్ళంతా వారం రోజులు బిక్కుబిక్కుమంటూ గడిపారు. ఆయన ఎవరికీ ఏమీ చెప్పలేదు.

వచ్చిన డబ్బు ఇనుప గొట్టాలకే సరిపోయింది. పైన గుడ్డ వచ్చే ఏడు చూద్దామన్నారు. వెల్డింగ్ పని తానే చేసిపెడతానని నాన్న కొలతలు తీసుకోవడానికి వెళ్ళాడు. తిరిగొచ్చి ఆ సాయంత్రం బూట్లు దులపకుండానే గుమ్మంలో కూర్చున్నాడు. "గేటుకాడి ముసలాయన ఇవెందుకని అడిగిండు. చిన్నపోరగాండ్లకు నీడ కోసమని చెప్పిన. ఊరంత తిరిగి అడిగిన్రు గదా, గేటుకాడున్న నన్నెందుకు అడగలే అన్నడు."

ఆయన్ను అడగాలన్న ఆలోచనే మాకు నిజంగా తట్టలేదు.

శుక్రవారం నాన్నతో నేనూ వెళ్ళాను. గొట్టాలు నిలబెట్టి వెల్డింగ్ చేస్తుండగా ఒక పాత వానెట్ బండి వచ్చి ఆగింది, ఇక్కడ చిన్న ట్రక్కును అలాగే అంటారు. గేటు తాత దిగాడు. వెనక తాళ్ళతో కట్టిన నల్లటి పెద్ద చుట్ట ఉంది. హాయిల్‌లో వాళ్ళ ఇంటి గుడారమట, మేకవెంట్రుకలతో వాళ్ళమ్మ నేసిందట. ఇప్పుడు ఎడారికి ఎవరూ పోవడం లేదు, అటక మీద పురుగు పడుతోంది, పిల్లల నెత్తిన ఉండనీ అన్నాడట. ఆయన, నాన్న, ఇద్దరు పనివాళ్ళు కలిసి దాన్ని గొట్టాల మీదికి లాగి కట్టారు. నేను నీళ్ళ గ్లాసు పట్టుకుని ఆయన ముందు నిలబడ్డాను. "ఏమన్న చెప్పాల్నా? చెప్పు, నేను అరబ్బీల జెప్త" అన్నాడు నాన్న. నేను గ్లాసు అందించాను. ఆ కట్ట నా చేతుల్లోంచే తీసుకున్న మనిషికి ఆ కాగితాలు ఎవరివో నేను వేరే చెప్పాలా? ఆయన నీళ్ళు తాగి, గ్లాసు నా చేతికిచ్చి, ఖర్జూరాల డబ్బా మూత తీసి ముందుకు చాచాడు. రెండు తీసుకున్నాను.

ఆ గుడారం కింద గడిచిన మధ్యాహ్నాలు నాకు ఇప్పటికీ కలల్లోకి వస్తాయి. నేత సందుల్లోంచి ఎండ సన్నటి చుక్కలుగా రాలి చిన్నపిల్లల చొక్కాల మీద కదిలేది, గాలి దూరితే ఆ నల్లటి పైకప్పు మెల్లగా ఎగిసి దిగేది, మేకవాసనకు మొదట్లో అందరం ముక్కులు మూసుకుని తర్వాత మరిచేపోయాం. పిల్లలు నేల మీద కూర్చుని గోళీలు ఆడేవారు, బస్సు వచ్చినా లేచేవారు కాదు. వంశీకి మళ్ళీ రక్తం కారలేదు. ఊరికి పోతానన్న మాట అమ్మ ఇంక ఎత్తలేదు.

మొన్న తొమ్మిదో తరగతి పిల్లలకు ఇదంతా చెప్పాలనే వెళ్ళాను. చల్లటి గదిలో, ఫోన్లు ఒళ్ళో దాచుకుని, మర్యాదగా విన్నారు. మా అమ్మాయి వెనక బల్ల మీద నేనెవరో తెలియనట్టు కూర్చుంది. ఇప్పుడు బస్సులకు ఏసీలున్నాయి, ప్రతి ఆవరణకూ తెల్లటి పందిళ్ళున్నాయి. మలాజ్‌లో మా విల్లా లేదు, దాన్ని పడగొట్టి కార్లు నిలిపే స్థలం చేశారు. రొట్టెల తందూరు లేదు. నేను పదో తరగతిలో ఉండగానే గేటు తాత హాయిల్ వెళ్ళిపోయాడు, అక్కడే పోయాడని తర్వాత ఎవరో చెప్పారు. ఆయనకు క్షమాపణ చెప్పుకోలేదన్న బాధ నాకు పోలేదు, పోదు కూడా.

నిన్న వంశీ ఫోన్ చేశాడు. వాడిప్పుడు సముద్రం వైపు ఖతీఫ్ దగ్గర ఒక కంపెనీలో ఇంజినీరు, రోజంతా ఎండలోనే పని. స్కూల్లో మాట్లాడి వచ్చానని చెబితే వాడికి హుషారొచ్చింది.

"మన బడిల నల్లటి గుడారం యాదికున్నదా అక్కా? మస్తు సల్లగుంటుండె దానికింద. మనం ఆ బడిల చేరకముందు సందే ఉన్నది గదా అది?"

నేను ఫోను రెండో చెవికి మార్చాను.

"ఎండకు నీ ముక్కుల్నించి రక్తం కారేది, యాదికున్నదారా?"

"ఎండనా?" అని నవ్వాడు. "మన బడిల ఎండ యాడిదక్కా?"