ఎమిల్ గారు దాచిన కుర్రాడు

ఎమిల్ హ్లవాటీ గారు రాసిన అబద్ధాలన్నీ టైపు కొట్టింది నేనే. ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు. మా ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఆఫీసులో ఇరవై రెండేళ్ళు టైపిస్టుగా చేశాను. ఎమిల్ గారు జట్టు కోసం కుర్రాళ్ళను వెతికే మనిషి. ఏడాదిలో ఎనిమిది నెలలు ఒక డొక్కు కారేసుకుని ఒహాయో నుంచి డకోటాల దాకా కాలేజీ మైదానాలన్నీ తిరిగేవారు. ఎవడు ఎలా పరిగెడుతున్నాడు, ఎవడు పడితే ఎంతసేపటికి లేస్తున్నాడు, ఓడినరోజు ఎవడి మొహం ఎలా ఉంది, అన్నీ రాసుకొచ్చేవారు.

సోమవారం పొద్దున్నే ఆ కాగితాలు నా బల్ల మీద పడేవి. నిండా కాఫీ మరకలు, కోడిగీతలు. వాటితోపాటు వాళ్ళావిడ ఇర్మా గారు పంపిన గసగసాల రొట్టె.

“తిను అమ్మాయ్, చిక్కిపోతున్నావ్.”

“నేనా? గౌను గుండీలు పట్టక చస్తుంటే!”

“అయితే సగం నాకివ్వు,” అనేవారు. ఆ రొట్టె వాసన తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఆకలేస్తుంది.

ఆ రోజుల్లో మా జట్టూ, ఇంకో ఏడెనిమిది జట్లూ కలిసి పొత్తు పెట్టుకున్నాయి. ఒకరు చూసిన కుర్రాళ్ళ వివరాలు మిగతావాళ్ళందరికీ పంపాలి. అందుకని ఎమిల్ గారు ఒక్కొక్క కుర్రాడికి రెండు చీటీలు రాసేవారు. నిజమైనది ఇంటికి, అంటే మా ఆఫీసు బీరువాలోకి. రెండోది పొత్తుకి. కుర్రాడు ఎంత బాగుంటే పొత్తు చీటీలో అన్ని మార్కులు కోసేవారు. మిగతా జట్లవాళ్ళూ అదే పని చేసేవారు. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవారు కాదు. పెద్దమనుషుల ఒప్పందం మరి!

ఏప్రిల్ నెలాఖరున ఎంపిక. కాలేజీ ముగించిన కుర్రాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. కిందటేడు బాగా ఓడినవాళ్ళకి ముందు వంతు. మొదటి చుట్టులో పిలుపొచ్చిన కుర్రాడి ఫొటో మర్నాడు పేపర్లో మొదటి పేజీలో ఉంటుంది. వాడిని వెతికిపెట్టినవాడి పేరు ఎవరికీ అక్కర్లేదు. కానీ వెతికేవాళ్ళు తమలో తాము మాత్రం లెక్క పెట్టుకుంటారు, ఎవరి కుర్రాడు మొదటి చుట్టులో వెళ్ళాడని. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఎమిల్ గారి కుర్రాడిని మా జట్టు ఒక్కసారీ మొదటి చుట్టులో తీసుకోలేదు. ఎనభై నాలుగులో ఆయనకి అరవై ఐదు నిండాయి. ఆ వేసవితో ఉద్యోగం సరి. మిగిలింది ఒక్క ఎంపికే.

అంతకుముందు అక్టోబరులో ఒకరోజు టోపీ కూడా తీయకుండా నా గదిలోకి వచ్చేశారు.

“దొరికాడు అమ్మాయ్!”

“ఎవరండీ?”

“నా కుర్రాడు. డ్వేన్ టిబెట్స్. డకోటాలో, పేరు చెప్పినా నువ్వు వినని కాలేజీ. తమ జట్టులో బంతి విసిరేవాడి మీదికి ఎవడొచ్చినా ఆపేస్తున్నాడు. ఆపి, కిందపడ్డవాడికి చెయ్యిచ్చి లేపుతున్నాడు.”

ముప్ఫై ఏళ్ళుగా మనుషులను తూకం వేసిన ఆయన కళ్ళలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. ఇంటి చీటీలో పదికి తొమ్మిదిన్నర వేశారు. పొత్తు చీటీలో నాలుగు వేసి, ‘కాళ్ళు బరువు, ధైర్యం తక్కువ’ అని రాశారు.

“మరీ ఇంత ఘోరంగానా?” అన్నాను.

“విలువైనది లోతుగా పాతిపెట్టాలమ్మా. కొట్టు, కొట్టు.”

ఆ ఏడాది డకోటాకి మూడుసార్లు వెళ్ళొచ్చారు. టిబెట్స్ వాళ్ళింట్లో భోంచేశారు. “ఏప్రిల్లో నీకు మొదటి ఫోను నాదే,” అని కుర్రాడికి మాటిచ్చారు.

ఎంపిక మంగళవారం. ఎంపిక జరిగే న్యూయార్కు హోటల్లో మా సామాన్ల గది చూసుకునే ఆర్నాల్డు ఫోను పట్టుకుని కూర్చున్నాడు. ఇక్కడి నుంచి పేరు చెప్తే అక్కడ చీటీ మీద రాసిస్తాడు. మా వంతు తొమ్మిదోది. గదిలో మేనేజరు బెక్ గారు, కోచ్‌లు, ఎమిల్ గారు, పలకల మీద పేర్లు మార్చడానికి నేను. ఎమిల్ గారు పెళ్ళిళ్ళకి కట్టే టై కట్టుకొచ్చారు.

తొమ్మిదో వంతు వచ్చేసరికి బెక్ గారు ఆయనకేసి తిరిగారు.

“ఈ టిబెట్స్ గురించి ఇంకెవరికైనా తెలుసా ఎమిల్?”

“ఎవరికీ తెలీదు,” అన్నారు ఎమిల్ గారు ఛాతీ విరుచుకుని. “పొత్తు చీటీ చూడండి. నాలుగు. నేను దాస్తే దేవుడికి కూడా కనపడడు.”

అక్కడే అయిపోయింది. గొప్పకు పోకుండా నోరు మూసుకుని ఉంటే కుర్రాడు ఆ నిమిషంలోనే మావాడయ్యేవాడు.

“ఎవరికీ తెలియనివాడికి తొమ్మిదో వంతు ఎందుకయ్యా తగలెయ్యడం?” అన్నారు బెక్ గారు. “పదిహేడో వంతువాళ్ళు తమది ఇచ్చి మన వంతు అడుగుతున్నారు. పైన రెండో చుట్టులో ఇంకొకటి కూడా ఇస్తారట. వెనక్కి జరుగుదాం. నీ కుర్రాడూ వస్తాడు, ఇంకొకడూ వస్తాడు.”

ఎమిల్ గారు నోరు తెరిచారు. ఏమంటారు? కాదంటే తను దాచిన పద్ధతి మీద తనకే నమ్మకం లేదన్నట్టు. “సరే,” అన్నారు.

పది వెళ్ళింది, పదకొండు వెళ్ళింది. ఒక్కో పేరుకీ ఆయన టై ముడి పట్టుకుని లాక్కుంటున్నారు. పదిహేను కూడా దాటింది. పదహారో పేరు ఆర్నాల్డు ఫోనులో చెప్తుంటే పలక మీద రాయాల్సింది నేను. రాయలేకపోయాను.

“రాయమ్మా,” అన్నారు ఎమిల్ గారు. “డ్వేన్ టిబెట్స్.”

మధ్యాహ్నం ఫోను మోగింది. గస్ మెరిడిత్. మా పొత్తులోనే ఉన్న పదహారో వంతు జట్టుకి వెతికే మనిషి, ఎమిల్ గారికి పాత స్నేహితుడు, ఎప్పుడూ వెటకారమే. గొంతు నాదాకా వినిపించింది.

“నాలుగు మార్కులవాడి కోసం మూడుసార్లు డకోటా వెళ్తావురా ముసలాడా? అక్కడి హోటలు రిజిస్టర్లో ఏ పేజీ తిప్పినా నీ పేరే! నేను కుర్రాళ్ళను వెతకడం మానేసి చాలా కాలమైంది. నిన్ను వెతుక్కుంటూ వెళ్తే చాలు.”

ఎమిల్ గారు నవ్వారు కూడా. ఆట అంటే ఆటే మరి. ఫోను పెట్టేసి, మాటిచ్చాను కదా అని డకోటాకి నంబరు తిప్పారు.

“అభినందనలు బాబూ. మొదటి ఫోను నాది కాలేదు.”

అవతలివాడు ఏమన్నాడో నాకు వినపడలేదు.

“అవును, నేనే రాశాను,” అన్నారు ఎమిల్ గారు. “అది నిజం కాదు బాబూ. అందరం అలాగే... కాదు, మీ ఇంట్లో నిన్ను మెచ్చుకున్నదే నిజం. లేదు లేదు, నేనెందుకు అబద్ధం... సరే. సరే బాబూ. అమ్మకి నమస్కారాలు చెప్పు.”

ఫోను పెట్టేశాక ఆయనే చెప్పారు. కొత్త జట్టువాళ్ళు కుర్రాడికి ఫోను చేసి పొత్తు చీటీ చదివి వినిపించారట, ముసలాడు నీకు నాలుగేశాడు, మేమే నిన్ను నమ్మాం అని. వాడికి మా ఆఫీసు పద్ధతులు ఏం తెలుసు? తమ బల్ల దగ్గర కూర్చుని భోంచేసిన మనిషి తమ గురించి అలా రాశాడని మాత్రమే తెలిసింది.

“అమ్మాయ్,” అన్నారు. “ఇంటి చీటీ ఒక్కటి తీసివ్వు. వాడికి పోస్టు చేస్తాను.”

ఇంటి చీటీ గడప దాటితే దాటించినవాళ్ళ ఉద్యోగం ఊడుతుంది. బీరువా తాళంచెవి నా మెడలోనే ఉంది.

“నావల్ల కాదండీ,” అన్నాను.

“నిజమేలే,” అన్నారు. నొచ్చుకోలేదు. మర్నాడు మామూలుగానే రొట్టె తెచ్చి సగం నాకు పెట్టారు.

జూన్లో ఆయన ఉద్యోగం ముగిసింది. నాలుగేళ్ళకు ఆయనే పోయారు. టిబెట్స్ పదకొండేళ్ళు ఆడాడు. ఏటా మా ఊరొచ్చి మమ్మల్ని చితక్కొట్టి వెళ్ళేవాడు, కిందపడ్డవాళ్ళకి చెయ్యిచ్చి లేపేవాడు. ఎమిల్ గారు బతికున్న నాలుగేళ్ళూ టిక్కెట్టు కొనుక్కుని వచ్చి చూశారు. ఆట అయ్యాక ఒక్కసారీ కిందకి దిగి వాడిని పలకరించలేదు.

ఆ బీరువా కాగితాలన్నీ ఆఫీసు మారినప్పుడు చించి పారేశారు. ఆ రోజు నేను తాళం తీసుంటే ఏమయ్యేది? మహా అయితే ఇంకో ఆఫీసులో టైపు కొట్టుకునేదాన్ని.