నీళ్లు గడ్డకట్టని ఊళ్లో చలికాలపు వాల్వులు

మా అమ్మాయి సుజాతకు కాజీపల్లిలో ఫైబర్ పడవలు చేసే షెడ్డుంది. ఇన్నాళ్లూ మన చెరువుల్లో షికారు తిప్పే పడవలే చేసింది. మొదటిసారి హిమాలయాల్లోని ఒక సరస్సుకి, వంటగదీ బాత్రూమూ ఉన్న పడవ కావాలని ఆర్డరొచ్చింది. సాయంత్రం అది లారీ ఎక్కుతుందనగా, పొద్దున్నే కొన్నాయన ఫోన్ చేసి, చలికాలంలో పైపులు ఖాళీ చేసే వాల్వులు ఎక్కడ పెట్టారని అడిగాడట. ఎక్కడా పెట్టలేదు. మన దగ్గర నీళ్లు గడ్డకట్టేది ఫ్రిజ్‌లోనే కదా. అక్కడ పైపులో నిలిచిన నీళ్లు గడ్డకట్టి ఉబ్బితే పైపులు పగులుతాయి, మొదటి ఆర్డరే ఆఖరిదవుతుంది. పటాన్‌చెరు షాపులో ఇత్తడి వాల్వులు తీసుకుని రమ్మని సుజాత ఫోన్లో చెబుతుంటే దాని గొంతు అదోలా ఉంది. అందుకని పులిహోర కూడా కట్టుకున్నాను.

సంగారెడ్డిలో తొమ్మిదిన్నర బస్సెక్కాను. ఆడవాళ్లకు టికెట్ లేదు గనక ఖర్చయ్యేది ఓపికే. ముత్తంగి దగ్గర కంటైనర్ లారీల వెనక ఇరుక్కునేసరికి అది కూడా అయిపోయింది. పటాన్‌చెరులో వాల్వులు తీసుకుని, మూడు వందలకు ఆటో మాట్లాడాను. త్వరగా పోనిమ్మని మళ్లీ మళ్లీ అంటుంటే డ్రైవర్ అద్దంలోంచి చూసి, "పెద్దమ్మా, రెక్కలు పెట్టియ్యి, ఎగిరిపోత" అన్నాడు. టైముంటే పెట్టించేదాన్నే.

పన్నెండుకి చేరాను. ఫిట్టర్ యాదగిరి పడవ ముందు భాగంలో, అడుగున, పైపు కోసి వాల్వు బిగించాడు. ట్యాంకులో రెండు బకెట్ల నీళ్లు పోసి, పై కుళాయిలన్నీ తెరిచి వాల్వు తిప్పితే రెండు బకెట్లూ తిరిగొచ్చాయి. హమ్మయ్య అనుకుని పులిహోర విప్పాను. సుజాత ముద్ద చేతిలో పట్టుకుని పడవ వైపే చూస్తూ ఉండిపోయింది.

"అమ్మా, స్టాండు మీద ఇది ముందుకి వాలి ఉంది. నీళ్లల్లో ఇంజను బరువుకి వెనక్కి వాలుతుంది."

"గిప్పుడు మంచిగనే వచ్చినయి గద మేడం" అన్నాడు యాదగిరి.

"సరస్సులో స్టాండుండదు యాదగిరన్నా."

వెనక వైపు జాకీ దించి పడవ వెనక్కి వాల్చారు. మళ్లీ రెండు బకెట్లు పోస్తే ఒక్కటే బయటికొచ్చింది. రెండోది పడవ కడుపులోనే ఉండిపోయింది. యాదగిరి ఇంకో వాల్వు తీసుకుని వెనక పంపు కింద దూరాడు. ఈలోగా లారీ వచ్చి హారన్ కొట్టడం మొదలెట్టింది. అది పడవేగానీ పెళ్లికూతురు కాదు, ముహూర్తం దాటినా ఫరవాలేదని డ్రైవర్‌కు చెప్పాను. చెప్పానేగానీ, నేనే లారీకీ పడవకీ మధ్య తిరుగుతూ ఉన్నాను.

మళ్లీ రెండు బకెట్లు పోసి, వెనక వాల్వు తిప్పేసరికి అయిదు దాటింది. మొదటి బకెట్ నిండింది. రెండోది సగంలో ధార సన్నబడింది. గుడగుడమని గాలి చప్పుడైంది, మళ్లీ ధార కట్టింది. రెండో బకెట్ కూడా అంచుదాకా నిండాక సుజాత నేల మీదే కూలబడి, ఎండిపోయిన పులిహోర తినేసింది.

ఈ ప్రాంతంలో కాపురం పెట్టిన నాటి నుంచీ కుళాయిలోకి నీళ్లు రావాలనే మొక్కాను. చుక్క మిగలకుండా పోవాలని మొక్కింది ఆ రోజే. అక్కడ మంచు కురిసి కరిగేదాకా, తెలియని నంబరు నుంచి ఫోనొస్తే మా ఇద్దరికీ గుండె ఆగుతుంది. మీరెవరైనా చలిప్రాంతానికి ఇక్కడ పడవ చేయించుకుంటే ఒక్కటి గుర్తుపెట్టుకోండి: నీళ్లలో ఎటు వాలుతుందో అటు వాల్చి, పోసిన నీళ్లన్నీ తిరిగొచ్చేదాకా లారీ ఎక్కనివ్వకండి.