వైసోని మాస్టారి నెంబరు

రోజూ తెల్లవారగానే ప్రార్థన ముగించుకుని, పొయ్యి మీద జావకు ఎసరు పెట్టి, అది కాగేలోపు లెజినా తన భర్తకు ఫోనులో నాలుగు మాటలు రాసేది. "లేచాను. మీరు లేచారా?" మా చిసోటిలో పొద్దున్నే ఎవరికి ఎవరు ఎదురుపడినా పలకరింపు అదే. మెసేజ్ పక్కన రెండు బూడిదరంగు టిక్కులు పడేవి. ఆమె ఆ యాప్ మూసి, దాని పక్కనే అచ్చం దానిలాగే ఉన్న ఇంకో యాప్ తెరిచేది. అది భర్తది. తను పంపిన మెసేజ్ అందులోకి వచ్చి ఉండేది. తెరిచి చదివేది. మళ్ళీ తన యాప్‌లోకి వచ్చి చూస్తే టిక్కులు రెండూ నీలంగా మారి ఉండేవి. అప్పుడు లేచి ఎసట్లో పిండి పోసేది.

అప్పటికి ఆమె భర్త వైసోని పోయి మూడు నెలలు. చదివింది ఎవరో ఆమెకు తెలియక కాదు. ఆమె మతి సరిగానే ఉంది. చేపలు ఎండబెట్టేది, సంతలో అమ్మేది, చర్చిలో తల్లుల సంఘం లెక్కలు ఒక్క పూట కూడా ఆలస్యం చేసేది కాదు. ఆ నీలం రంగు చూడకపోతే మాత్రం జావ గొంతు దిగేది కాదు.

వైసోని సైకిళ్ళు బాగుచేసేవాడు. ఆదివారాలు చర్చిలో పాట చెప్పే మాస్టారు. కిందటేడు ఒక పెళ్ళికి పాడటానికి పడవలో వెళుతూ, వంగి చెయ్యి కడుక్కోబోయి జేబులోని ఫోను సరస్సులో పడేసుకున్నాడు. కొత్తది కొనుక్కోమంటే నవ్వాడు.

"ఒకే కుండలో వండుకు తింటున్నాం. ఒకే ఫోన్లో మాట్లాడుకుంటే పరువు పోతుందా?"

లెజినా ఫోనులో రెండు సిమ్‌లు పడతాయి. అతని నెంబరు రెండోదానిలో పెట్టి, యాప్‌కు ఒక నకలు తీసి, అతని ఖాతా అందులో తెరిచింది. తల్లుల సంఘం నెంబరుకు, దాని సిమ్ తీసేసినా పనిచేసే ఇంకో నకలు ముందే ఉంది. అలా ఒక్క ఫోనులో అదే యాప్ మూడుసార్లు కనబడేది. పక్కింటి ఎనిఫా ఊరుకునే మనిషి కాదు. "మూడు కాపురాలు చేస్తున్నావు గదా అక్కా, ఎవరికేం వండాలో గుర్తుంటోందా?" అనేది.

వైసోనికి మాత్రం ఆ ఏర్పాటు మహా సరదాగా ఉండేది. అన్నానికి కూర్చుని, ఫోను అడిగి తీసుకుని, ఎదురుగా ఉన్న భార్యకే తన ఖాతా నుంచి మెసేజ్ రాసేవాడు. "కూరలో ఉప్పు తక్కువైంది." ఫోను తిరిగి ఆమె చేతిలో పెట్టి, ఏమీ ఎరగనట్టు మొహం పెట్టేవాడు. ఆమె తన యాప్ తెరిచి రాసేది. "ఉప్పు మీ ఎడమ చేతి పక్కనే ఉంది." వాళ్ళకు పిల్లలు దక్కలేదు. నవ్వుకోవడానికి ఆ ఇంట్లో ఇలాంటివే ఉండేవి.

జ్వరం వచ్చిన తొమ్మిదో రోజున వైసోని కన్నుమూశాడు. పెళ్ళి చేసుకుని భార్య ఊరికి వచ్చినవాడు పోతే తల్లి ఊరికే చేరాలి కాబట్టి, అతని అక్కవాళ్ళు వచ్చి శవాన్ని తమ ఊరు కవోంగాకు తీసుకుపోయారు. సైకిలు, పానాల పెట్టె, చర్చికి వేసుకునే కోటు మేనల్లుళ్ళకు వెళ్ళాయి. అంతా పద్ధతి ప్రకారమే. లెజినా దేనికీ అడ్డు చెప్పలేదు. ఫోను ఆమెది కాబట్టి, అందులోని నెంబరు సంగతి ఎవరికీ తట్టలేదు.

ఆ తర్వాత ఒక శుక్రవారం తల్లుల సంఘం గ్రూపులో ఆమె మెసేజ్ పెట్టింది. "రేపు పొద్దున్న చర్చి ముందర గడ్డి కోయాలి. కొడవళ్ళు తెచ్చుకోండి." సంఘం గ్రూపుకూ పాటల గ్రూపుకూ ఒకటే చర్చి బొమ్మ. ఎండలో కళ్ళు చికిలించి చూస్తూ ఆమె తెరిచింది సంఘం యాప్ కాదు, భర్త యాప్. మెసేజ్ వెళ్ళింది పాటల గ్రూపులోకి, వైసోని మాస్టారి పేరు మీద.

చూసుకునేసరికి ఆలస్యమైపోయింది. కొందరు గ్రూపు వదిలి పారిపోయారు. ఎవరో ప్రార్థన వాక్యం పెట్టారు. లావు గొంతుతో పాడే ముసలాయన మాత్రం ఎప్పటి అలవాటునో, "సరే మాస్టారూ, వస్తున్నాం" అని రాశాడు. ఆ మాట చూసి లెజినా చేపలు ఎండే చాప మీదే కూలబడి ఏడ్చింది.

మర్నాడు పొద్దున్న ఆమె చర్చికి పరుగెత్తి వెళితే, పాటలవాళ్ళు పదకొండు మంది వచ్చి గడ్డి కోస్తున్నారు. తప్పు తనదేనని చెప్పుకోబోయింది. "తెలుసమ్మా. మాస్టారి పేరు మీద పిలుపొచ్చాక రాకుండా ఎలా ఉంటాం?" అన్నాడు ముసలాయన. పాస్టరుగారు కూడా ఒక్క మాట అనలేదు. తనే ఒక కొడవలి అందుకున్నారు.

కానీ కబురు కవోంగాకు చేరింది.

బుధవారం నాడు వైసోని అక్క కొడుకు లాక్సన్, మామయ్య సైకిలు మీదే వచ్చాడు. వాకిట్లో ఆగి, లోపలికి రావచ్చా అన్నట్టు "ఓడీ" అని పిలిచాడు. రమ్మంటే లోపలికొచ్చి చాప మీద కూర్చున్నాడు. అరటిపండ్ల గెల ఒకటి తెచ్చి గోడవారగా పెట్టాడు. ఆమె మొక్కజొన్న పిండితో వండిన న్సిమా ముద్ద, చేపల కూర పెట్టింది. తిన్నాడు కానీ తలెత్తలేదు.

"మీ వంశం పెద్దాయన పంపించాడా?" అని ఆమే అడిగింది.

"పంపించాడత్తా. చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది."

"సిగ్గుపడేవాడివి ఇరవై కిలోమీటర్లు తొక్కుకుంటూ వచ్చావా? చెప్పు."

"శనివారం నాకు మామయ్య పేరు ఇస్తున్నారు. ఇక నుంచి వైసోని అంటే నేనే. పోయిన మామయ్య గడ్డి కొయ్యమని పిలిచాడని ఊళ్ళో ఒకటే గోల. పేరు ఒకచోట, నెంబరు ఒకచోట ఉండబట్టే ఇలా జరిగిందంటాడు పెద్దాయన. నెంబరు కూడా తెమ్మన్నాడు."

"పిలిచింది నేనురా అబ్బాయ్. ఒకటి తెరవబోయి ఒకటి తెరిచాను."

"నేనూ అదే చెప్పాను. ఆమె వేలు అటు పోయేట్టు చేసిందెవరు అన్నాడు. ఆయనతో ఎవరు వాదిస్తారు?"

లెజినా ఫోను ఒళ్ళో పెట్టుకుని, గుడ్డతో దాని ముఖం తుడుస్తూ కూర్చుంది. లాక్సన్ ఆ తుడవటం చూశాడు.

"పోనీ, సిమ్ ఎక్కడో పడిపోయిందని చెప్పనా అత్తా?"

"అబద్ధమాడి ఆయన పేరు తీసుకుంటావా? వద్దు నాయనా. పేరు నీకు రావాల్సిందే. ఆయనకు నువ్వంటే ఇష్టం."

సిమ్ తీసే ముందు లాక్సన్ ఒక పని చేశాడు. ఎవరూ చెప్పకుండానే చేశాడు. పాటల గ్రూపులో మామయ్య గొంతుతో పెట్టిన మెసేజ్‌లన్నీ ఒక్కొక్కటిగా వెతికి ఆమె ఖాతాకు పంపాడు. పాట ఎత్తుకోవడానికి ఇచ్చిన శ్రుతులు, మధ్యలో దగ్గులు, "మళ్ళీ మొదట్నుంచి" అన్న కసురులు. నలభై ఆరు ఉన్నాయి. ఒక్కటీ వదల్లేదు. నెట్టు అయిపోతే తన డబ్బుతో వేయించాడు.

లెజినా చెవికమ్మ తీసి, దాని మొనతో సిమ్ గూడు లాగింది. చిన్న ముక్క అరచేతిలో పడింది. లాక్సన్ దాన్ని తన ఫోనులో పెట్టుకుని, ఆ నెంబరుతో యాప్ తెరిచాడు; సరిచూసుకునే అంకెలు వచ్చాయి, కొట్టాడు. ఆమె ఫోనులో మధ్యనున్న భర్త యాప్ తెరిస్తే, ఈ నెంబరు వేరే ఫోనులో ఉంది అని ఒక్క వాక్యం కనబడింది. ఆమె దాన్ని రెండుసార్లు చదివింది.

అతను లేచి, సైకిలు స్టాండు తీశాడు. ఆమె వాకిలి దాకా వెంట వచ్చింది. సాగనంపడానికి నాలుగడుగులు వేయడం మర్యాద. ఆమె మామిడి చెట్టు దాటి ఇంకా నడిచింది. సైకిలు నడిపించుకుంటూ అతనూ మెల్లగా నడిచాడు.

"అబ్బాయ్, నాకొక సాయం చేసిపెట్టు."

"చెప్పత్తా."

"ఆ నెంబరులో నన్ను బ్లాక్ చెయ్యి."

లాక్సన్ ఆగిపోయాడు. "నేనేం తప్పు చేశానత్తా?"

"నువ్వేం చెయ్యలేదు. రేపు కూడా నేను రాస్తాను. ఎల్లుండి కూడా రాస్తాను. మానిపించమని దేవుణ్ణి అడుగుతూనే ఉన్నాను, ఇంకా మానలేదు. ఇన్నాళ్ళూ చదువుతోంది నేనేనని నాకు తెలుసు, అందుకే నాకేం కాలేదు. నా రాత నీ దగ్గరికి చేరి, నువ్వు ఏ పనిలోనో ఉండి తెరిచావనుకో. ఇక్కడ నా టిక్కులు నీలమవుతాయి, నా వేలు తగలకుండానే. అప్పుడు నేను నిజంగానే ఎదురుచూడటం మొదలుపెడతాను నాయనా. బ్లాక్ చేస్తే నీకు చేరదు, ఒక్క టిక్కుతో ఆగిపోనీ. ఎలా చెయ్యాలో తెలియకపోతే ఫోను ఇటివ్వు, నేనే చూపిస్తాను."